నలుగురితో ప్రయాణము, నలుగురి మాట

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిరి. వారు ఆ నగరమునందలి సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసినవారు. వారి వెంట నూరుమందికి పైగా పరివారము కదలినది. మరల ఇల్లు చేరునప్పటికి 1831 సెప్టెంబరు 3వ తేదీ అయినది. నడుమ గడచిన 15 మాసములలో ఏ మజిలీ ఎంత దూరమో, ఎచ్చట మంచినీరు దొరకునో, ఎచ్చట వంటసామగ్రి లభించునో వ్రాసి మిత్రునకు పంపుచుండిరి. ఆ వ్రాతయే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అను పేర అచ్చయినది.

ఆ గ్రంథము చదివినప్పుడెల్ల మాకొక సందేహము కలుగును. ఆ నూరుమందిలో ఎవరికి ఏ క్షేత్రమున మరియొక దినము నిలువవలెనని ఉండెనో, ఎవరికి కాళ్ళు నొచ్చుచుండెనో, ఎవరు ఇంటిపై బెంగతో ఉండిరో ఎవరైన అడిగిరా? అడుగవలసిన అవసరము ఆ కాలమున లేదు. నాయకుడొక్కడు, మిగిలినవారు పరివారము. నేడు మన ప్రయాణములు అట్టివి కావు. నాలుగు కుటుంబములు కలిసి బయలుదేరినచో నాలుగును సమానములే. ఎవరును నాయకులు కారు, అందుచేతనే చిక్కు. ఈ చిక్కును విడదీయుటకు చేతిలోని సెల్‌ఫోను ఎంతవరకు తోడ్పడగలదో ఈనాటి ప్రసంగములో ముచ్చటించుకొందము.

ఇటీవల నలుగురు ఇంజనీరింగు విద్యార్థులు మా కేంద్రమునకు వచ్చిరి. బృందములు ప్రయాణమును నిర్ణయించుకొనుటకు ఉపకరించు ఒక మొబైల్ యాప్‌ను తయారు చేయవలెనని వారి సంకల్పము. "మీరు రికార్డింగుల కోసం జట్టుగా ఊళ్లు తిరుగుతూ ఉంటారు కదండీ, మీ అనుభవం చెబుతారా?" అని అడిగిరి. వారు గీసి తెచ్చిన పటములలో దారిచూపు మ్యాపు ఉన్నది, హోటళ్ళ జాబితా ఉన్నది, వాతావరణ సూచన ఉన్నది. అన్నియు ముచ్చటగానే ఉన్నవి. కాని అవియన్నియు ఇదివరకే మన ఫోనులలో ఉన్నవి. లేనిదేదో వారికి చెప్పుటకై, ఉద్యోగపు ప్రయాణములను ప్రక్కనుంచి, మేము గత శీతకాలమున చేసిన అరకు ప్రయాణమును గూర్చి చెప్పితిమి.

మా కేంద్రములోని నాలుగు కుటుంబములవారము, పిల్లలు పెద్దలు కలిసి 14 మందిమి, విజయవాడనుండి విశాఖపట్టణమునకును, అచ్చటనుండి బొర్రా గుహలకు, అరకులోయకును వెళ్ళదలచితిమి. వాట్సాప్‌లో ఒక బృందము నేర్పరచుకొంటిమి. మూడు వారములలో మూడువందలకు మించిన సందేశములు వచ్చినవి. వానిలో సగము శుభోదయములు, నమస్కారములు. మిగిలినవానిలో ముగ్గురు మాటకారులవే పెక్కు. ఎవరో ఒకరు "అరకు అందరికీ సమ్మతమేనా?" అని వ్రాసిరి. అయిదుగురు బొటనవ్రేలి గుర్తు పెట్టిరి. తక్కినవారు మౌనము వహించిరి. మౌనము అంగీకారమని మేము నిశ్చయించితిమి. ఆ నిశ్చయములో మాకును పాలున్నది. ఏర్పాట్లు వ్రాసిపెట్టిన చేయి మాదే.

మా సహోద్యోగి తల్లిగారు డెబ్బది యేండ్లు దాటినవారు. వారికి ఫోను లేదు. బొర్రా గుహల యొద్ద పది పదునైదు మెట్లు దిగిన పిమ్మట మోకాలు పట్టుకొని నిలిచిపోయిరి. మెల్లగా పైకి తీసికొనివచ్చి ద్వారము కడ కూర్చుండబెట్టి, మేమందరము లోనికి వెళ్ళితిమి. రెండు గంటల తరువాత వచ్చి చూచితిమి గదా, వారు అదే చోట, అదే విధముగ కూర్చుండియున్నారు. ఆ రాత్రి భోజనముల వేళ, "ఈ మెట్ల సంగతి ముందు తెలిసి ఉంటే మరో చోటు చూసేవాళ్లం కదమ్మా" అని అంటిమి. ఆమె నవ్వి, "మెట్లదేముంది నాయనా. వచ్చేటప్పుడు అనకాపల్లిలో రైలు ఆగింది. మా చెల్లెలు ఉండేది అక్కడే. చూసి నాలుగేళ్లయింది. ఒక్క పూట దిగితే బాగుండు ననిపించింది. మీ ఏర్పాటంతా పాడవుతుందని ఊరుకున్నాను" అనిరి.

తిరుగు ప్రయాణమునకు టిక్కెట్లు ముందే కొనియుంటిమి. అనకాపల్లిలో దిగలేదు. ఆ చెల్లెలుగారు ఈ వేసవిలో కాలము చేసిరి.

విద్యార్థులకు ఇంతవరకు చెప్పి, "మీ యాప్‌లో ఆమెకు చోటెక్కడ?" అని అడిగితిమి. వారు తాము గీసిన పటములవంక చాలసేపు చూచిరి. ఆ తరువాత జరిగిన చర్చలలో మేము నేర్చుకొన్నదియు వారు నేర్చుకొన్నదియు కలిపి ఇచ్చట చెప్పుచున్నాము.

మొదటి సంగతి, నలుగురిలో అడిగిన ప్రశ్నకు నలుగురి ముందర వచ్చు జవాబు నిజమైన జవాబు కానక్కరలేదు. జెర్రీ హార్వే అను అమెరికను ఆచార్యుడు 1974లో ప్రకటించిన ఒక వ్యాసములో తన యింటివారి కథనే చెప్పెను. టెక్సస్ రాష్ట్రములో కోల్మన్ అను చిన్న యూరు. మండువేసవి. ఇంటివారు నలుగురు నీడపట్టున కాలక్షేపము చేయుచున్నారు. మామగారు, అబిలీన్ పట్టణమునకు పోయి భోజనము చేసి వత్తమా యనెను. ఒకరు సరే యనిరి. కాదన్న బాగుండదని తక్కినవారును సరే యనిరి. చల్లదనమిచ్చు యంత్రము లేని కారులో, దుమ్ములో, 53 మైళ్ళు పోయి, రుచిలేని భోజనము చేసి తిరిగివచ్చిరి. వచ్చిన పిమ్మట బయటపడినదేమనగా, నలుగురిలో ఏ ఒక్కరికిని వెళ్ళవలెనని లేదు! పిలిచిన మామగారు సైతము తక్కినవారికి తోచుబాటు కాదేమో యని పిలిచెనట. హార్వే దీనికి అబిలీన్ వైపరీత్యమని పేరుపెట్టెను. మనలో ఎన్ని పెండ్లి ప్రయాణములు, ఎన్ని పుణ్యక్షేత్ర యాత్రలు ఈ కోవకు చెందునో శ్రోతలే ఎంచుకొనగలరు.

కనుక యాప్‌లో మొదట రావలసినది అందరును చూచుచుండగా పెట్టు బొటనవ్రేలి గుర్తు కాదు; ఒక్కొక్కరినే విడిగా అడుగు ప్రశ్న. అందరి జవాబులును వచ్చువరకు ఏ ఒక్కరి జవాబును తక్కినవారికి కనబడరాదు. మొదట పలికిన పెద్దగొంతు వెంట తక్కిన గొంతులు పోకుండుటకు ఇది ఒక్కటే మార్గము. జవాబు రానిచో దానిని అంగీకారముగా లెక్కింపరాదు. "ఇంకను ఇద్దరిని అడుగవలసియున్నది" అని యాప్ చూపవలెను.

రెండవది ఓట్ల సంగతి. అందరి మనసులును తెలిసిన పిమ్మట లెక్కపెట్టినచో తీర్పు వచ్చునని తోచును. అది అంత సుళువు కాదు. మూడు కుటుంబములు, మూడు స్థలములు అనుకొందము. మొదటి కుటుంబమునకు అరకు ముందు, తరువాత శ్రీశైలము, కడపట అహోబిలము. రెండవవారికి శ్రీశైలము, అహోబిలము, అరకు. మూడవవారికి అహోబిలము, అరకు, శ్రీశైలము. అరకును శ్రీశైలముతో పోల్చినచో ఇద్దరు అరకు పక్షము. శ్రీశైలమును అహోబిలముతో పోల్చినచో ఇద్దరు శ్రీశైలము పక్షము. అట్లయిన అరకు అహోబిలమును గెలువవలెను గదా? కాని ఇద్దరు అహోబిలమే మేలనుచున్నారు. గానుగెద్దువలె తిరిగి తిరిగి మొదటికే వచ్చితిమి. ఈ చిక్కును ఫ్రెంచి పండితుడు కాండొర్సె 1785లోనే చూపియుండెను. మూడుగాని, అంతకు మించిగాని ప్రత్యామ్నాయములున్నప్పుడు, న్యాయమని మనకు తోచు కొద్దిపాటి నియమములనన్నిటిని ఒక్కమారుగా తీర్చగల క్రమనిర్ణయ పద్ధతి లేనేలేదని కెన్నెత్ ఆరో అను అర్థశాస్త్రవేత్త 1951లో గణితరీత్యా నిరూపించెను.

అంతమాత్రమున నిరాశ చెందనక్కరలేదు. గొప్ప లెక్కలు వేసి "ఇదిగో బృందాభిప్రాయము" అని యాప్ తీర్పు చెప్పరాదని మాత్రమే దీని భావము. విహారయాత్ర శాసనసభ ఎన్నిక కాదు. ఎక్కువమందికి నచ్చిన చోటుకంటె ఎవరికిని కష్టము కలిగింపని చోటు మేలు. కావున "మీకేది ఎక్కువ ఇష్టము?" అను ప్రశ్నకు ముందు "మీకేది సాధ్యము కాదు?" అను ప్రశ్న రావలెను. మెట్లు ఎక్కలేను, రాత్రి బస్సు పడదు, ఇంతకు మించి ఖర్చు పెట్టలేను, ఫలానా తేదీన పిల్లవానికి పరీక్ష ఉన్నది. ఇట్టివన్నియు విడిగా, గోప్యముగా చెప్పుకొను వీలుండవలెను. చెప్పినది ఎవరో బయటపెట్టక, "ఈ స్థలము బృందమునకు కుదరదు" అని మాత్రము యాప్ చెప్పవలెను. మోకాళ్ళ నొప్పిని చెప్పుకొనుటకు వెనుదీయువారు కొందరు. చేతిలో డబ్బులేదని చెప్పుకొనుటకు వెనుదీయువారు అంతకంటె పెక్కుమంది.

మూడవది టిక్కెట్ల వ్యవహారము. రైల్వేవారి ఆన్‌లైన్ పద్ధతిలో ఒక టిక్కెట్టుపై ఆరుగురికి మించి పేర్లు వ్రాయుటకు వీలులేదు. కావున 14 మందికి మూడు టిక్కెట్లు, మూడు పి.ఎన్.ఆర్. సంఖ్యలు. ఒకటి ఖరారగును, ఒకటి నిరీక్షణ జాబితాలో నిలుచును. ఆన్‌లైన్ టిక్కెట్టుపైనున్న వారందరును చార్టు తయారగువరకు నిరీక్షణ జాబితాలోనే ఉండిపోయినచో అది తనంత తాను రద్దగును. దానితో బండి ఎక్కరాదు. మేము పేర్లను వయస్సును బట్టి వ్రాసితిమి. పెద్దలందరు ఒక టిక్కెట్టు, పిల్లలందరు ఒక టిక్కెట్టు. అది పొరపాటు. ఎవరికి ఎవరి చేయి ఆసరాయో వారిరువురును ఒకే టిక్కెట్టుపై ఉండవలెను. తల్లి వెంట బిడ్డ, అమ్మమ్మ వెంట మనుమడు. ఈ జంటలను ముందుగా అడిగి గుర్తుంచుకొని, ఆరుగురేసి చొప్పున పంచుట యంత్రమునకు క్షణములో పని. మనము ఆ పనిని హడావిడిలో చేసి తప్పుచేయుదుము. 2024 నవంబరు 1నుండి ముందస్తు రిజర్వేషను గడువు 120 దినములనుండి 60 దినములకు తగ్గినది గనుక, యాప్ ప్రయాణ దినమునుండి వెనుకకు లెక్కించి "ఈ తేదీలోపుగా మాట తేల్చుకొనుడు" అని హెచ్చరింపవలెను.

నాలుగవది డబ్బు. స్నేహములు చెడుటకు ఇంతకంటె దగ్గరి దారి లేదు. నాలుగు కుటుంబములు కలిసి 20,000 రూపాయలు వ్యయము చేసినవనుకొందము. మొదటివారు 12,000, రెండవవారు 6,000, మూడవవారు 2,000 పెట్టిరి. నాలుగవవారు ఏమియు పెట్టలేదు. సమానముగా పంచిన ఒక్కొక్కరికి 5,000. లెక్క తెలియక ఒకరి బాకీ నొకరు తీర్చుకొనబోయిన చెల్లింపులు పెరిగిపోవును. తెలిసి చూచిన మూడు చెల్లింపులు చాలును: నాలుగవవారు మొదటివారికి 5,000, మూడవవారు మొదటివారికి 2,000, రెండవవారికి 1,000. ఎంతమంది ఉన్నను, వారి సంఖ్యకంటె ఒకటి తక్కువ చెల్లింపులతో లెక్క తీరిపోవును. 2016లో యు.పి.ఐ. పద్ధతి వచ్చినది మొదలు చెల్లింపు కూడ చిటికెలో పని. అయితే సమానముగా పంచుట న్యాయముగా పంచుట కాకపోవచ్చును. గుహలలోనికి దిగని పెద్దామె ప్రవేశరుసుమును గూడ లెక్కలో కలుపుదుమా? ఏ ఖర్చు ఎవరిదో అప్పటికప్పుడు ఒక్క వ్రేలితో గుర్తుపెట్టుకొను సదుపాయముండిన తగవు ఉండదు.

అయిదవది, సంకేతములందని చోట యాప్ మూగపోరాదు. విశాఖపట్టణమునుండి అరకుకు పోవు రైలుమార్గము అనంతగిరి కొండలలో సొరంగము వెంట సొరంగముగా సాగును. ఫోను ఉండియు లేనట్లే. కావున ప్రయాణ వివరములన్నియు ఒక్కొక్కరి ఫోనులోను నకలుగా ఉండవలెను. సంకేతములు లేనప్పుడు ఒకరు భోజనపు చోటు మార్చి, మరియొకరు వేరొక చోటు వ్రాసినచో, తరువాత వచ్చినది ముందుదానిని చెరిపివేయరాదు. రెండింటిని నిలిపి, "ఇందులో ఏది?" అని అడుగవలెను. ఎవరి మాటయు చప్పుడు లేకుండ మాయము కారాదు.

ఒకరెక్కడున్నారో తక్కినవారికి తెలుపు సదుపాయమును గూర్చి విద్యార్థులు మిక్కిలి ఉత్సాహపడిరి. జనసమ్మర్దములో పిల్లలు తప్పిపోకుండుటకు అది మంచిదే. కాని అడిగి తీసికొనవలెను. యాత్ర ముగిసిన నాడు తనంత తాను ఆగిపోవలెను. వ్యక్తిగత సమాచారమును సమ్మతితో, చెప్పిన పనికి మాత్రమే వాడవలెనన్నది 2023లో మన పార్లమెంటు ఆమోదించిన చట్టముయొక్క మూలసూత్రము. చట్టము సంగతి యటుండగా, ఇల్లు చేరిన స్నేహితుని జాడ తీయుచుండుట మర్యాద కాదు.

ఇక ఫోను లేనివారి సంగతి. వారి తరఫున కుటుంబములో మరియొకరు జవాబు చెప్పవలసియుండును. ఇచ్చట యాప్ మెలకువతో మెలగవలెను. "అమ్మగారి పక్షమున మీ నిర్ణయమేమి?" అని అడుగరాదు, "ఈ ప్రశ్నను అమ్మగారికి చదివి వినిపించి, వారు చెప్పినది వ్రాయుడు" అని కోరవలెను. అక్షరములు తెలుగులో, పెద్దవిగా ఉండవలెను. చివరకు ప్రయాణక్రమమునంతయు ఒక కాగితముపై అచ్చు తీసికొను వీలుండవలెను. చేతి సంచిలో మడిచి పెట్టుకొన్న కాగితమునకు బ్యాటరీ అయిపోదు.

విద్యార్థులు ఇవన్నియు వినిన తరువాత ఒక మంచి పని చేసిరి. తొందరపడి కంప్యూటరు ముందర కూర్చుండలేదు. ఒక్కొక్క తెరను ఒక్కొక్క అట్టముక్కపై గీసి, ఆ అట్టలను పెద్దల చేతికిచ్చి, వారెక్కడ తడబడుదురో చూచిరి. ఈ రంగమున నిపుణులు ఎంతోకాలముగా అవలంబించు పద్ధతి ఇది. జాకబ్ నీల్సన్ అను రూపకల్పన నిపుణుడు, అయిదుగురు మనుష్యులతో పరీక్షించిన చాలును, లోపములలో అధికభాగము బయటపడునని 2000వ సంవత్సరములో వ్రాసియుండెను. కాగితముపై తప్పు దిద్దుకొనుటకు ఖర్చు ఒక రబ్బరుముక్క. యాప్ తయారైన పిమ్మట దిద్దుకొనుటకు నెలలు పట్టును.

అట్లు పరీక్షించిన అయిదుగురిలో మా సహోద్యోగి తల్లిగారొకరు. మేమును ఆ సమయమున అచ్చటనే ఉంటిమి. తేదీల అట్టను చూచి ఆమె ప్రక్కనుంచిరి. ఖర్చుల అట్టను కొడుకు చేతికిచ్చిరి. అట్టల అడుగున ఒకటి ఉన్నది. దానిపై "ఈ దారిలో మీరు చూడదలచిన వారు ఎవరైన ఉన్నారా?" అని పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. ఆమె దానిని రెండుమారులు చదువుకొనిరి. కొంతసేపు ఏమియు మాటలాడలేదు. పిదప ఆ అట్టను తీసి అన్నిటికంటె పైన పెట్టి, "ముందు ఇది అడగండి నాయనా. తేదీలు తరవాత అడగవచ్చు" అనిరి.

విద్యార్థులు మారుమాటాడక తమ పుస్తకములో ఆ మార్పు వ్రాసికొనిరి. యాప్ ఇంకను తయారగుచున్నది. అది మనకందునంతవరకు, ఈ సంవత్సరము నలుగురితో కలిసి ఎచ్చటికైనను బయలుదేరు శ్రోతలు, టిక్కెట్లు కొనుటకు ముందు, ఇంటిలో మాటలాడక కూర్చున్నవారి యొద్దకు పోయి ఆ ఒక్క ప్రశ్న అడుగవచ్చును. దానికి ఫోను కూడ అక్కరలేదు.